స్వచ్ఛంద సంస్థ కట్టించే ఇల్లు: అనంతపురం పల్లెల్లో తీసుకునేముందు చూసుకోవలసినవి

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయినా, ధర్మవరం మీదుగా కదిరి పోయినా, పల్లె మొదట్లోనో చివర్లోనో ఒకే కొలతల ఇళ్ళ వరసలు కనిపిస్తాయి. కొన్ని ప్రభుత్వం కాలనీలు, కొన్ని స్వచ్ఛంద సంస్థలు కట్టించినవి. ఈ రెండో రకానికి ఇక్కడ పేరు తెచ్చింది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అందరి నోటా ఆర్డీటీ. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో దాన్ని మొదలుపెట్టారు. ఆయన 2009లో పోయారు. దళిత, గిరిజన, వెనకబడిన కులాల వాడల్లో కొట్టాల చోట కాంక్రీటు ఇళ్ళు లేవడం, ఆ ఇల్లు ఇంటి ఆడమనిషి పేరున ఇవ్వడం ఆ సంస్థ వల్లే ఇక్కడి జనానికి అలవాటైంది. చిన్నాచితకా సంస్థలు ఇంకొన్ని కూడా ఇదే తరహాలో కట్టిస్తుంటాయి. ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ మీదా కాదు, ఆ పద్ధతి మీదా, ఆ పద్ధతిలో చేతికొచ్చే ఇంటి మీదా.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు సులువు. సొంత స్థలం ఉండి, కట్టినన్నాళ్ళూ ఇంట్లో ఒక మనిషైనా ఊళ్ళో ఉండగలిగితే ఇంతకన్నా తక్కువలో గట్టి ఇల్లు దొరకదు, కళ్ళు మూసుకుని తీసుకోండి. అందరూ బెంగళూరుకు వలసపోయి, కట్టేది సంస్థే కదా, వాళ్ళే చూసుకుంటార్లే అనుకుంటే మాత్రం నాలుగైదు వానలకే స్లాబు చెమ్మెక్కుతుంది. ఎందుకంటే ఈ పద్ధతిలో సంస్థ ఇచ్చేది సామాను, మేస్త్రీ, ఇంజనీరు. నీళ్ళు కొట్టడం, కాపు కాయడం ఇంటివాళ్ళ వంతు. ఇల్లు నిలిచేదీ చెడేదీ ఎక్కువగా ఆ వంతు దగ్గరే.

చౌక ఎలా అవుతుందో తెలుసుకుంటే మీ వంతు ఎంతో అర్థమవుతుంది. మామూలుగా ఇల్లు కట్టించేటప్పుడు సామాను ఖర్చు మీద కాంట్రాక్టరు లాభం, అప్పు మీద వడ్డీ, కూలి, ఈ మూడూ వచ్చి పడతాయి. అమెరికాలో 1976లో మొదలైన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ ఈ మూడింటినీ ఒకేసారి కోసేసింది. లాభం తీసుకోరు, కుటుంబం తన ఇంటి పనిలో తానే చెమటోడ్చాలి, మిగిలిన డబ్బు తట్టుకోగలిగిన కంతుల్లో కట్టుకోవాలి. ఆ సంస్థ మన దేశంలో 1983లో ఖమ్మంలో అడుగుపెట్టింది. అయితే నెలజీతం ఉన్న ఇంటికి నడిచే ఆ కంతు పద్ధతి వేరుశనగ మీద, కూలి మీద బతికే పల్లెలో నడవదు. వాన తప్పిన ఏడు కంతు ఎక్కడినుంచి తెస్తారు? అందుకే ఇక్కడ కుటుంబం వాటా ఎక్కువగా స్థలం, కష్టం రూపంలోనే ఉంటుంది.

ఆ కష్టం ఎంతో లెక్క వేసుకోండి. 20 అడుగులకు 17 అడుగుల ఇల్లు, అంటే 340 చదరపు అడుగులు, మధ్యలో ఒక అడ్డగోడ. పునాది పొడవు మొత్తం 90 అడుగుల పైచిలుకు. రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వితే 680 ఘనపుటడుగుల మన్ను తీయాలి. బేస్‌మెంట్ లేచాక లోపల గరుసు నింపి, తడిపి, దిమ్మిస కొట్టాలి. దానికి ట్రాక్టరు లోడ్లు ఐదు దాకా పడతాయి. దిమ్మిస పని ఎవరికీ ఇష్టముండదు. ఆరంగుళాల పొరకొకసారి తడిపి కొట్టకుండా ఒకేసారి నింపేస్తే మొదటి వానాకాలానికే నేల కుంగి బండలు ఊగుతాయి. ఈ ఒక్క పని మేస్త్రీకి వదలకుండా ఇంటివాళ్ళే దగ్గరుండి చేసుకోవడం మంచిది.

ప్రభుత్వం ఇంటితో పోల్చి చూద్దాం. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతానికి ఇచ్చేది 1.20 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి. రాష్ట్రంలో 2024కు ముందు జగనన్న కాలనీల పేరుతో కట్టించినప్పుడు ఒక్కో ఇంటికి 1.80 లక్షలు, 20 టన్నుల ఇసుక ఉచితంగా ఇచ్చేవారు. అంకె చూస్తే బాగానే ఉంటుంది, చిక్కంతా బిల్లు దగ్గరే. ఒక దశ పూర్తయి, ఫోటో ఎక్కాక గానీ ఆ దశ డబ్బు పడదు. అంటే పునాదికి ముందుగా మీరే పెట్టాలి. చేతిలో లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీ ఒక గోడను మింగేస్తుంది. బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయి కంపచెట్లు మొలిచిన ఇళ్ళు ఏ కాలనీలో చూసినా కనిపించేది అందుకే. సంస్థ పద్ధతిలో సామాను నేరుగా స్థలానికే వస్తుంది కాబట్టి ఈ బాధ లేదు. ప్రభుత్వం డబ్బును, సంస్థ సాయాన్ని కలిపి కట్టే చోట మాత్రం రెండు చోట్లా అర్హత నిలవాలి. కుటుంబంలో ఎవరి పేరునైనా పాత ఇల్లు మంజూరై ఉంటే, అది కట్టకుండా ఆగిపోయినా సరే, జాబితాలో ఇల్లున్నట్టే చూపిస్తుంది. అది ముందు తేల్చుకుని రండి.

కాగితాల సంగతి. ఇల్లు ఆడమనిషి పేరునంటే స్థలం కూడా ఆమె పేరునుండాలి, లేదా కనీసం ఆ దిశగా కాగితం కదిలి ఉండాలి. మామ పేరు మీదున్న జాగాలో కోడలి పేరున ఇల్లు కడితే అన్నదమ్ముల పంపకాల రోజు గొడవే. ప్రభుత్వం ఇచ్చిన పట్టా అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కిందికి వస్తుంది, ఇష్టమొచ్చినప్పుడు అమ్మడానికి లేదు. పాత యజమాని దగ్గర తెల్లకాగితం మీద కొన్నదైతే సర్వే నంబరు 22ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ కుదరని భూముల పట్టికలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చూసుకోండి. నాలుగు హద్దులూ సర్వేయరు చేత కొలిపించి రాళ్ళు నాటించాకే ముగ్గు పోయించండి. ఒకటిన్నర సెంటు అంటే 72 గజాల పైన కాస్త. అంత చిన్న జాగాలో అడుగు అటు జరిగినా పక్కింటి సజ్జ మీ గోడ మీద పడుతుంది.

నేల విషయంలో జిల్లా మొత్తం ఒకటి కాదు. ఎర్రనేలల్లో మూడడుగులు తవ్వితే గట్టి గరుసు తగులుతుంది, పెద్దగా భయం లేదు. ఉరవకొండ, విడపనకల్లు, గుంతకల్లు వైపూ, కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు వైపూ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. ఆ ఊగిసలాట ఎంత లోతు దాకా ఉందో తెలుసుకోవడానికి ఏప్రిల్‌లో నెర్రెలో ఒక సన్నటి కమ్మీ దించి చూస్తే చాలు. మూడడుగులు దిగితే మూడడుగుల పునాది ఆ నేల మీద నిలవదు. ఐదారు అడుగులు తీసి, నల్లమన్నంతా బయటికి పారేసి, గరుసుతోనో ఇసుకతోనో నింపాలి. పైన ఇంటి చుట్టూ తెగకుండా ప్లింత్ బీము, అంటే గోడల కింద కమ్మీలతో పోసే కాంక్రీటు పట్టీ, కట్టాలి. ఒకే డ్రాయింగు పట్టుకుని ఎర్రనేలకూ నల్లనేలకూ ఒకే లోతు తవ్వించే సంస్థ కనిపిస్తే ఇంజనీరును పిలిచి అడగండి. ఇది మొహమాటపడే చోటు కాదు. తరువాత కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు లేస్తే ఎన్నిసార్లు సిమెంటు మెత్తినా మళ్ళీ తెరుచుకుంటాయి. ఇంటి చుట్టూ మూడడుగుల గచ్చు వేసి, స్నానం నీళ్ళు గోడ పక్కన ఇంకకుండా కాలువ తీస్తే సగం జబ్బు రాకుండానే పోతుంది.

గోడలకు ఇటుకో, సిమెంటు దిమ్మెలో, ఫ్లైయాష్ ఇటుకో వస్తుంది. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం బూడిద ఉంది కాబట్టి ఈ ప్రాంతంలో ఫ్లైయాష్‌కు కొదవ లేదు. ఎర్ర ఇటుకను తొట్టిలో నానబెట్టి వాడాలి, ఫ్లైయాష్‌ను పైపైన తడిపితే చాలు. సిమెంటు దిమ్మెలు పోసి వారం తిరగకుండానే తెచ్చి కట్టేస్తే అవి గోడలోనే ఆరుతూ కుంచించుకుపోయి సన్న పగుళ్ళిస్తాయి. నడుమెత్తు నుంచి ఒకటి కింద పడేయండి, రెండు ముక్కలైతే ఆ లోడు వద్దనండి. సిమెంటు మాలు ఒకటికి ఆరు పాళ్ళు. నీళ్ళు కలిపిన అరగంటలో వాడేయాలి. అన్నానికి పోయి వచ్చాక బిగిసిన మాలులో మళ్ళీ నీళ్ళు కొట్టి కలపడం బేల్దారి పనుల్లో పాత అలవాటు. అలాంటి మాలు గోరు గీరితే రాలిపోతుంది.

మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. గోడ అడుగున తెల్లగా చవుడెక్కి గార పొట్టులా ఊడటం రాయలసీమలో పాత ఇళ్ళన్నిటికీ ఉన్న జబ్బే. దానికి మందు బేస్‌మెంట్ మీద గోడ మొదలయ్యే చోట ఒకటిన్నర అంగుళం మందాన నీరెక్కని కాంక్రీటు పట్టీ వేయడం. అది వేశారా లేదా అన్నది గోడ లేచాక కనపడదు, వేసే రోజే చూడాలి. నోట పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్ళు కాంక్రీటుకు అసలే వద్దు, లోపల కమ్మీకి తుప్పు పట్టిస్తాయి.

ఇక స్లాబు. ఈ ఇంటి మీద పెట్టే శ్రద్ధలో సగం ఆ ఒక్క రోజుకే దాచుకోండి. నాలుగున్నర అంగుళాల మందాన 340 చదరపు అడుగులంటే 127 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు 29, 30 బస్తాలు, కంకర 107 ఘనపుటడుగులు, ఇసుక అందులో సగం. ఇనుము 8 మిల్లీమీటర్లది, 12 మీటర్ల పొడవువి దాదాపు 40 కమ్మీలు. ఒక్కో కమ్మీ 4.7 కిలోలు తూగాలి. కొట్టులో ఒకటి తూచి చూడండి, 4.4 కన్నా కిందికి పోతే వెనక్కి పంపండి. ముఖ్యమైన కమ్మీలు గోడకూ గోడకూ మధ్య తక్కువ దూరం ఉన్న వైపు, ఆరంగుళాలకొకటి, అడుగున పరవాలి. కింద బిగించిన సెంట్రింగు చెక్కకూ కమ్మీకీ మధ్య 20 మిల్లీమీటర్ల సందు ఉండాలి, దానికి సిమెంటుతో పోసిన చిన్న బిళ్ళలు పెడతారు. బిళ్ళల బదులు కంకర రాళ్ళు దూర్చితే పోసేటప్పుడు తొక్కిళ్ళకు జారిపోయి కమ్మీ చెక్కకు అంటుకుంటుంది. పదేళ్ళకు లోకప్పు పెచ్చులూడి తుప్పు కమ్మీలు బయటపడే ఇళ్ళలో జరిగింది చాలావరకు ఇదే.

సజ్జ దగ్గర లెక్క తిరగబడుతుంది. గోడ బయటికి వేలాడేది కాబట్టి అక్కడ కమ్మీ పైన ఉండాలి. కట్టేవాడు పైనే కడతాడు, పోసేవాళ్ళు తట్టలు మోస్తూ దాని మీదే నడిచి కిందికి తొక్కేస్తారు. అలా పోసిన సజ్జ సెంట్రింగ్ విప్పిన రోజు బాగానే ఉంటుంది, ఎవరైనా ఎక్కి నిలబడిన రోజు గోడ మొదట్లో విరుగుతుంది. నడవడానికి పలకలు వేయించండి.

కలిపేటప్పుడు ఒక బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. పెట్టె అంటే బస్తా సిమెంటు సరిగ్గా పట్టేది, ఒకటింబావు ఘనపుటడుగు. తట్టల లెక్క నమ్మొద్దు, మధ్యాహ్నానికి కంకర తట్ట నిండుగా ఉండదు, ఇసుకది మాత్రం పొంగిపొర్లుతుంది. నీళ్ళు బస్తాకు 25 నుంచి 27 లీటర్లు, అంటే రెండు బిందెలకు కాస్త ఎక్కువ. జారుగా ఉంటే తొందరగా పరుచుకుంటుందని ఇంకో బిందె కుమ్మరిస్తారు. ఆ నీరు ఆరాక వదిలిన సందుల్లోంచే రేపు వాన కారేది. ఇసుక పెన్నదైనా చిత్రావతిదైనా ముందురోజు గాజు సీసాలో సగం పోసి, నీళ్ళు నింపి, ఊపి పెట్టండి. మూడు గంటలు గడిచాక ఇసుక మీద బురద పొర వేలిమందం తేలితే కడిగించి వాడాలి.

పోసిన మర్నాటి నుంచి అసలు పరీక్ష. సిమెంటు మాలుతో మడులు కట్టి రెండంగుళాల నీళ్ళు నిలపాలి. ఒకసారి నింపడానికే 1,600 లీటర్లు. ఎండాకాలంలో రోజుకు సెంటీమీటరు ఆవిరైపోతుందనుకుంటే మరో 300 లీటర్లు రోజూ పోయాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉండాలని భారత ప్రమాణం, మన ఎండల్లాంటి చోట 14. మొత్తం కలిపితే 6,000 లీటర్ల దాకా, ట్యాంకరుకు పైమాటే. సంస్థ అంచనాలో ఈ నీళ్ళు చాలాసార్లు ఉండవు, ఇంటివాళ్ళు కుళాయి బిందెలతో కానిద్దామనుకుంటారు, మూడో రోజుకు స్లాబు తెల్లగా ఎండి కూర్చుంటుంది. మార్చి నుంచి మే దాకా స్లాబు పెట్టుకోకపోవడం ఉత్తమం. తప్పదంటే ట్యాంకరు డబ్బు ముందే పక్కన పెట్టండి. సెంట్రింగు సామాను అద్దెది కాబట్టి ఐదో రోజునుంచే విప్పుదామని ఒత్తిడి వస్తుంది. పదడుగుల గదికి సర్వి కట్టెలు 7 రోజులన్నది నియమం. పీపీసీకి ఇంకొన్నాళ్ళు ఆపినా నష్టం ఒక్క అద్దే.

వేడి గురించి ఎవరూ ముందు చెప్పరు. మట్టిమిద్దెలో బతికినవాళ్ళకు మే నెల రాత్రి ఈ స్లాబు కింద పడుకోవడం నరకం. పగలంతా పీల్చిన ఎండను అది రాత్రికి వదులుతుంది. ఎత్తు పదడుగులకు తగ్గనీయకండి, గోడ పైభాగాన ఎదురెదురుగా గాలి కిటికీలు పెట్టించండి, ఏటా వేసవి ముందు మిద్దెపైన సున్నం రెండు పూతలు వేయండి. సున్నంలో కాస్త జిగురు కలిపితే మొదటి వానకే కొట్టుకుపోదు. ఇంటికి రంగులు ఏవైతేనేం, పైన తెలుపు ముఖ్యం.

కింద బండలు మాత్రం ఈ సీమకే దక్కిన భాగ్యం. తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండ, ఏదైనా దగ్గర్లోదే, టైల్స్ కన్నా చౌక, చల్లన, బరువు పడ్డా తేలిగ్గా పగలదు. కాకపోతే అది సున్నపురాయి. వంట గట్టు మీద నిమ్మకాయ పిండినా, చింతపండు రసం ఒలికినా నల్లబండ మీద తెల్లటి మచ్చ పడిపోతుంది. మరుగుదొడ్డిలో వాడే యాసిడ్‌తో కడిగితే నునుపంతా పోతుంది.

మరుగుదొడ్డికి రెండు గుంటల పద్ధతి అడగండి. ఐదుగురి ఇంటికి మూడడుగుల పైన వెడల్పు, నాలుగడుగుల లోతు, రెండింటి మధ్య కనీసం మూడడుగులు. గోడ ఇటుకల మధ్య సందులుంచి కట్టాలి, అడుగున కాంక్రీటు వేయకూడదు. నీరు నేలలోకి ఇంకాలి కదా. గట్టిగా ఉంటుందని అడుగు గచ్చు చేయించుకున్నవాళ్ళకు ఆరు నెలల్లోనే నిండిపోతుంది. ఒకటి నిండాక మధ్య తొట్టిలో అడ్డు మార్చి రెండోదానికి తిప్పితే, మొదటిది రెండేళ్ళలో వాసన లేని ఎరువైపోతుంది. నల్లరేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి గుంట పెద్దదిగా తీయాలి. తాగే బోరుకు పది మీటర్లు ఎడం ఉంచండి.

చివరిగా, అందరూ అడిగేది పైన ఇంకో అంతస్తు వేయొచ్చా అని. ఈ ఇళ్ళు ఎక్కువగా పిల్లర్లు లేకుండా గోడ మీద నిలిచేవి, పునాది వెడల్పు ఒక స్లాబుకే లెక్క కట్టినది. ఎవరో వేశారు కదా అని వేయొద్దు, డ్రాయింగు గీసిన ఇంజనీరు సంతకం ఉంటేనే వేయాలి. కుటుంబం పెరిగితే పక్కకు పెంచుకోవడమే దారి. కొత్త గదికి వేరే పునాది తీసి, పాత గోడకూ కొత్త గోడకూ మధ్య ఒక అంగుళం సందు వదిలి, పైన రేకుతో కప్పించండి. రెండు గోడలనూ కలిపి గార పూసేస్తే మొదటి వానాకాలానికి ఆ కలిపిన చోటే నిలువునా చీలుతుంది.